ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు: బూట్ మధ్యలో కుప్పకూలే సిస్టమ్ గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే బాధ. సిస్టమ్ ఆన్ చేస్తే ఒక్కోసారి లేవదు, మళ్ళీ ఆన్ చేస్తే లేస్తుంది, కారణం మాత్రం చేతికి చిక్కదు. ప్రింటర్ల గురించి, బ్యాటరీల గురించి రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, వాటిని వచ్చే సంచికకు తోసి దీనికే చోటంతా ఇచ్చాం.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ వాడుతున్నాను. నాలుగైదు సార్లు ఆన్ చేస్తే ఒకసారి లోగో దగ్గరే ఆగిపోతుంది, క్యాప్స్ లాక్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. లాగ్‌లు వెతికితే ఆ బూట్ జాడే లేదు. ఒకసారి మొత్తం తుడిచేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను, కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఏం మార్చాలి?

జవాబు: ఇప్పుడప్పుడే ఏమీ మార్చకండి. అందరూ చేసేది అదే, ఓ సెట్టింగ్ మార్చడం, ఓ డ్రైవర్ తీసెయ్యడం, ఆ తర్వాత రెండు మూడుసార్లు బాగా లేస్తే హమ్మయ్య అనుకోవడం. అప్పుడప్పుడూ వచ్చే క్రాష్‌తో వచ్చిన చిక్కేమిటంటే, మీరు ఏం చేసినా ఆ తర్వాత ఎక్కువసార్లు బాగానే లేస్తుంది, ఏమీ చెయ్యకపోయినా లేస్తుంది. మీ రీఇన్‌స్టాల్ కూడా బహుశా అలాంటిదే. ముందు దాన్ని కళ్ళారా చూడాలి, ఎన్నిసార్లకు ఒకసారి వస్తోందో లెక్క రాసుకోవాలి, మార్చడం ఆ తర్వాతి సంగతి.

మీరు రాసినదాంట్లో బాగా పనికొచ్చే ముక్క ఆ క్యాప్స్ లాక్ లైటు. లినక్స్ కెర్నల్, అంటే సిస్టమ్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రామ్, ఇక ముందుకు పోలేనని చేతులెత్తేసినప్పుడు, అంటే కెర్నల్ ప్యానిక్ అయినప్పుడు, కీబోర్డు లైట్లను అలా ఆడిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో లోపలి కీబోర్డు చాలావాటికి ఇప్పటికీ పాత పీఎస్‌/2 పద్ధతిలోనే కలిపి ఉంటుంది కాబట్టి ఇది కనిపిస్తుంది, యూఎస్‌బీ కీబోర్డయితే ఈ సైగ రాదు. ఆ ఒక్క లైటుతో మనకు తెలిసేది చాలా ఉంది: ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) తన పని చేసింది, గ్రబ్ (బూట్ మొదలుపెట్టే ప్రోగ్రామ్) కెర్నల్‌ని మెమరీలోకి తెచ్చింది, కెర్నల్ నడవడం మొదలుపెట్టింది, ఆ తర్వాత ఎక్కడో తనకు తానే తప్పు గుర్తించి ఆగింది. లైటు ఆడకుండా ఉన్నచోట ఉన్నట్టు బిగుసుకుపోయి ఉంటే కథ వేరే, అప్పుడు గ్రాఫిక్స్ వైపో హార్డ్‌వేర్ వైపో ముందు చూడాల్సి వచ్చేది.

లాగ్‌లో జాడ ఎందుకు లేదంటే, బూట్ మొదట్లో కెర్నల్ చెప్పే మాటలన్నీ మెమరీలో ఒక బఫర్‌లో మాత్రమే ఉంటాయి. డిస్క్ డ్రైవర్ లేచి, రూట్ ఫైల్ సిస్టమ్ (సిస్టమ్ ఫైళ్ళు ఉండే డిస్క్ భాగం) మౌంట్ అయి, లాగ్‌లు రాసే జర్నల్ సర్వీసు మొదలై, అప్పుడుగానీ అవి డిస్క్ మీదికి రావు. ఈలోపు పడిపోతే మీరు పవర్ బటన్ నొక్కిపట్టిన క్షణాన ఆ బఫర్ కూడా పోతుంది. అందుకే జర్నల్‌లో పాత బూట్‌ల పట్టిక తీస్తే ఆ బూట్ వరసలోనే ఉండదు, దానికి ముందుదీ తర్వాతిదీ పక్కపక్కనే కనిపిస్తాయి. లాగ్ ఖాళీగా ఉండటం కూడా ఒక ఆధారమే అన్నమాట, క్రాష్ చాలా తొందరగా జరిగిందని చెబుతోంది.

ఇక చూడటం ఎలా? ఆన్ చెయ్యగానే ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అక్కడ ఇంగ్లీషు ఇ అక్షరం నొక్కితే బూట్ వివరాలు ఎడిట్ చెయ్యడానికి తెరుచుకుంటాయి. లినక్స్ అన్న మాటతో మొదలయ్యే పొడుగాటి లైన్ చివర క్వైట్, స్ప్లాష్ అని రెండు మాటలుంటాయి. మీ కళ్ళకు గంతలు కట్టింది ఆ రెండే. వాటిని తీసేసి, ఇగ్నోర్ అండర్‌స్కోర్ లాగ్‌లెవల్ అని చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇలా మార్చింది ఆ ఒక్క బూట్‌కే, కాబట్టి భయం లేదు. పనిచేస్తే అదే మార్పు గ్రబ్ సెట్టింగుల ఫైలులో శాశ్వతంగా పెట్టుకోండి, లేకపోతే క్రాష్ అయిన రోజు మీరు మార్చడం మర్చిపోయిన రోజే అవుతుంది. ఇక లోగో బదులు తెల్ల అక్షరాల వరద వస్తుంది. ఫోన్ స్టాండ్ మీద పెట్టి స్లో మోషన్‌లో వీడియో తియ్యండి, ఎందుకంటే అసలు విషయం ఒక్కోసారి తెర మీద సెకను కూడా నిలవదు, ఆఖర్న మిగిలేది తోక మాత్రమే.

ఆ తోకని చూసి మోసపోకండి. కింద ఉండే ఆఖరి లైన్, ఇనిట్‌ని (కెర్నల్ మొదలుపెట్టే మొదటి ప్రోగ్రామ్‌ని) చంపబోయారు అనో ఇంకోటో, సాధారణంగా పర్యవసానం మాత్రమే. పైకి వెళ్ళి మొట్టమొదట బగ్ అనో ఊప్స్ అనో వచ్చిన చోటు పట్టుకోండి. అక్కడ ఆర్‌ఐపీ అని ఉండే లైన్‌లో ఒక ఫంక్షన్ పేరు ఉంటుంది, కెర్నల్ ఆ క్షణంలో ఎక్కడుందో అది. దాని కింద కాల్ ట్రేస్ అని, ఎవరు ఎవరిని పిలిస్తే అక్కడికి చేరిందో వరసగా ఉంటుంది. ఆ పేర్లలో ముందు భాగం చూస్తే చాలాసార్లు ఏ డ్రైవరో అర్థమైపోతుంది, ప్రోగ్రామింగ్ రాకపోయినా సరే. టెయింటెడ్ అన్న మాట పక్కన ఉండే అక్షరాలు కూడా వదలకండి. అక్కడ పి ఉంటే సోర్స్ బయటపెట్టని డ్రైవర్ ఒకటి ఎక్కిందని, ఓ ఉంటే కెర్నల్‌తో పాటు రాని బయటి మాడ్యూల్ ఉందని, ఎం ఉంటే ప్రాసెసరే స్వయంగా హార్డ్‌వేర్ తప్పు నమోదు చేసిందని అర్థం. ఆ ఎం కనిపిస్తే సాఫ్ట్‌వేర్ జోలికి పోవడం దండగ. రెండు మూడు క్రాష్‌ల ఫోటోలు పక్కపక్కన పెట్టుకోండి. ప్రతిసారీ అదే ఫంక్షన్ అయితే డ్రైవర్‌లో బగ్ అనుకోవచ్చు. ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఒకసారి నెట్‌వర్క్‌లో, ఒకసారి ఎక్కడో అర్థంకాని చోట పడుతుంటే ర్యామ్ మీద అనుమానం పెంచుకోండి.

ప్యానిక్ వచ్చినా తెర మీద ఏమీ కనపడని సందర్భాలున్నాయి, గ్రాఫిక్స్ డ్రైవర్ తెరని తన చేతిలోకి తీసుకున్నాక పాత కెర్నల్‌లకు చాలాసార్లు దాని మీద రాసే దారి ఉండేది కాదు. కెర్నల్ 6.10 నుంచి దానికోసం ఒక ఏర్పాటు వచ్చింది, అయితే మీ డ్రైవర్ దాన్ని సపోర్ట్ చెయ్యాలి. ఇంకో దారి పీస్టోర్. కెర్నల్ పడిపోతూ తన ఆఖరి మాటల్ని మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌కి ఉండే చిన్న శాశ్వత మెమరీలో దాచిపెడుతుంది, తర్వాతి బూట్‌లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని మొదలుపెట్టే ప్రోగ్రామ్) వాటిని తీసి వార్ డైరెక్టరీలో, లిబ్ కింద, సిస్టమ్‌డీ కింద, పీస్టోర్ అన్న ఫోల్డర్‌లో వేస్తుంది. ఓసారి అక్కడ తొంగి చూడండి, మీకు తెలియకుండానే సాక్ష్యం అక్కడ పడి ఉండొచ్చు. కొన్ని డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) దీన్ని ఆపి ఉంచుతారు, అలా ఉంటే ఆన్ చేసుకోవాలి. మరీ మొదట్లో, ఈ ఏర్పాటు కూడా లేవకముందే పడిపోతే మాత్రం ఇదీ పనిచెయ్యదు.

ఇంతకీ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం ఎందుకు? మీ సాఫ్ట్‌వేర్ నిన్నా ఇవాళా ఒకటే కదా. కానీ బూట్ మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా జరగదు. ప్రాసెసర్‌లో కోర్‌లన్నీ లేచాక డ్రైవర్లు చాలావరకు సమాంతరంగా తమ తమ పరికరాలని పలకరిస్తుంటాయి. ఇవాళ డిస్క్ రెండు మిల్లీసెకన్లు ముందు పలికితే, రేపు వైఫై కార్డు ముందు పలకొచ్చు. ఎవరో ఒకరు తయారవ్వకముందే ఇంకొకరు వాళ్ళని ముట్టుకుంటే ఢామ్మని పడిపోతుంది. రెండోది, కెర్నల్ ప్రతి బూట్‌లో మెమరీలో వేరే చిరునామాకి ఎక్కుతుంది. భద్రత కోసం పెట్టిన ఏర్పాటు ఇది, 2017లో వచ్చిన కెర్నల్ 4.12 నుంచి మామూలుగానే ఆన్‌లో ఉంటోంది. ఏదో డ్రైవర్ రాయకూడని చోట రాస్తోందనుకోండి, ఆ దెబ్బ ఒకరోజు ఎవరికీ అక్కర్లేని చోట పడుతుంది, ఒకరోజు ముఖ్యమైన చోట పడుతుంది. మూడోది, పరికరాల్లో మిగిలిపోయిన పాత స్థితి. రీస్టార్ట్ చేసినప్పుడు అన్నిటికీ కరెంటు పూర్తిగా పోదు, కొన్ని చిప్‌లు ఇందాకటి మూడ్‌లోనే ఉంటాయి. ఇవి కాక వేడి, వోల్టేజ్, సగం చెడిన ర్యామ్.

అందుకే ఒక కాగితం మీద ప్రతి బూట్‌కి ఒక లైన్ రాయండి: పూర్తిగా ఆపి వేశారా, రీస్టార్టా, చార్జర్ ఉందా, యూఎస్‌బీకి ఏమేం తగిలించి ఉన్నాయి, లేచిందా పడిందా. చాదస్తంగా ఉంటుంది నిజమే, కానీ డాక్ తగిలించి ఉన్నప్పుడే పడుతోంది అన్న సంగతి కాగితం మీదే బయటపడుతుంది, జ్ఞాపకంలో కాదు.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా ప్రయోగాలు. గ్రబ్ లైన్‌లోనే మ్యాక్స్‌సీపీయూస్ ఈక్వల్ టు 1 అని పెడితే ఒకే కోర్ మీద బూట్ అవుతుంది. క్రాష్ మాయమైతే కోర్‌ల మధ్య పోటీయే కారణమని గట్టి అనుమానం, రుజువు మాత్రం కాదు, ఎందుకంటే ఒక్క కోర్‌తో అన్నీ నెమ్మదిస్తాయి, ఆ నెమ్మదే బగ్‌ని దాచి ఉండొచ్చు. నోకేఏఎస్‌ఎల్‌ఆర్ అని పెడితే చిరునామా మారడం ఆగిపోతుంది. నాకు బాగా నచ్చే ప్రయోగం ఇదే, ఎందుకంటే ఇది పెట్టాక ఒక్కోసారి ప్రతి బూట్‌లోనూ క్రాష్ అవడం మొదలవుతుంది, అంతకంటే అదృష్టం లేదు. ఎప్పుడూ పడేదాన్ని పట్టుకోవడం ఎంత సేపు! ఇనిట్‌కాల్ అండర్‌స్కోర్ డీబగ్ అని పెడితే కెర్నల్ తన ప్రతి ప్రారంభ ఫంక్షన్‌ని పిలిచేముందు కాలింగ్ అని, తిరిగొచ్చాక రిటర్న్‌డ్ అని, ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో కూడా రాస్తుంది. కాలింగ్ ఉండి రిటర్న్‌డ్ లేనివే అనుమానితుల జాబితా, ఒక్కోసారి అవి రెండు మూడు ఉంటాయి.

అనుమానం వచ్చిన డ్రైవర్‌ని ఆపి చూసేటప్పుడు ఒక గోతిలో చాలామంది పడతారు. మాడ్‌ప్రోబ్ బ్లాక్‌లిస్ట్‌లో, అంటే లోడ్ చెయ్యొద్దని చెప్పే జాబితాలో, పేరు రాస్తారు, అయినా క్రాష్ వస్తుంది, అయితే ఈ డ్రైవర్ నిర్దోషి అని తేల్చేస్తారు. ఆ డ్రైవర్ విడి మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే కలిసిపోయి ఉంటే బ్లాక్‌లిస్ట్ దాన్ని ఆపలేదు. దానికి ఇనిట్‌కాల్ అండర్‌స్కోర్ బ్లాక్‌లిస్ట్ అని వేరే ఉంది, అందులో డ్రైవర్ పేరు కాదు, దాని ప్రారంభ ఫంక్షన్ పేరు ఇవ్వాలి. ఆపామనుకున్నది నిజంగా ఆగిందో లేదో లాగ్‌లో చూసుకున్నాకే తీర్పు చెప్పండి.

ప్రశ్న: నాదీ ఇంచుమించు ఇదే బాధ. కెర్నల్ పాత వెర్షన్‌కి మార్చాక పదిసార్లు వరసగా బాగా లేచింది. ఇక పోయినట్టేనా?

జవాబు: ఇంతకుముందు ఎన్నిసార్లకు ఒకసారి పడేదో రాయలేదు మీరు. సరే, అయిదుసార్లకు ఒకసారి అనుకుందాం. అలాంటి సిస్టమ్, మీరు ఏ మార్పూ చెయ్యకపోయినా, పదిసార్లు వరసగా బాగా లేవడానికి దాదాపు 11 శాతం అవకాశం ఉంది. ప్రతిసారీ లేచే అవకాశం 0.8, దాన్ని పదిసార్లు గుణించుకోండి చాలు. అయిదే అయిదుసార్లు చూసి ఊరుకుంటే ఆ అవకాశం మూడింట ఒక వంతు! ఎన్నో చోట్ల దీనితో నాకు తగ్గిపోయింది అని జనం చెప్పే చిట్కాలు ఇలా పుట్టినవే, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, లెక్క తక్కువైంది అంతే.

గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క ఒకటుంది. ఎన్నిసార్లకు ఒకసారి పడేదో దానికి మూడు రెట్లు వరసగా లేస్తే, అప్పుడు పోయిందని సుమారు 95 శాతం ధీమాతో అనుకోవచ్చు. అయిదుకి ఒకటైతే 15 సార్లు, ఇరవైకి ఒకటైతే 60 సార్లు. చేత్తో చెయ్యడం విసుగు కాబట్టి మెషీన్‌కే అప్పజెప్పండి. బూట్ పూర్తయ్యాక ఒక ఫైలులో టైమ్‌తో ఒక లైన్ రాసి, కాసేపు ఆగి మళ్ళీ రీస్టార్ట్ చేసే చిన్న స్క్రిప్ట్ చాలు. ఆ కాసేపు ఆగడం మర్చిపోకండి, లేకపోతే స్క్రిప్ట్‌ని ఆపడానికి మీకే వ్యవధి దొరకదు. చల్లారిన మెషీన్‌లోనే పడే రకమైతే రీస్టార్ట్ పనికిరాదు, ఆర్‌టీసీవేక్ అన్న కమాండ్‌తో పూర్తిగా ఆపి, చెప్పిన టైమ్‌కి తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ప్యానిక్ తర్వాత ఆటోమేటిగ్గా రీస్టార్ట్ అయ్యే సెట్టింగ్ తీసెయ్యండి. పొద్దున లేచి చూస్తే ఎన్నోసారికి ఆగిందో ఫైలు చెబుతుంది, ఎక్కడ ఆగిందో తెర చెబుతుంది.

పాత కెర్నల్ బాగుందని నిజంగా తేలితే, మధ్యలో ఏ మార్పు తెచ్చిందో గిట్ బైసెక్ట్‌తో వెతకొచ్చు. వెయ్యి మార్పులున్నా సగం సగం చేసుకుంటూ పోతే పది మెట్లలో దొరుకుతుంది. ఇక్కడ జాగ్రత్త ఒకటే. ఒక్కసారి క్రాష్ అయితే బ్యాడ్ అని కళ్ళు మూసుకుని రాయొచ్చు, గుడ్ అని రాయాలంటే మాత్రం పైన చెప్పిన లెక్క పూర్తి కావాలి. ఒక్క మెట్టు దగ్గర తొందరపడి గుడ్ అన్నారా, అక్కడి నుంచి వెతుకులాటంతా దోషం లేని సగంలో సాగుతుంది, చివరికి ఏ పాపం ఎరగని మార్పు మీద నింద పడుతుంది.

ప్రశ్న: ఒక్కోసారి బూట్ ఆగి, రూట్ డిస్క్ కనపడలేదని చెప్పి నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఆగుతుంది. ఇది కూడా క్రాషేనా?

జవాబు: కాదు. కెర్నల్ బతికే ఉంది, డిస్క్ కోసం ఎదురుచూసి విసిగి మీ చేతికి ఒక షెల్ ఇచ్చింది. అక్కడ డెవ్ డైరెక్టరీలో డిస్క్‌లు చూడండి. మీ డిస్క్ ఇప్పుడు కనిపిస్తే, ఆలస్యంగా లేచిందన్నమాట, రూట్‌డిలే అని కొన్ని సెకన్లు ఇస్తే సరిపోతుంది. రెండు డిస్క్‌లుండి గ్రబ్ లైన్‌లో రూట్‌ని ఎస్‌డీఏ అని పేరుతో రాసి ఉంటే దాన్ని యూయూఐడీకి (డిస్క్ భాగానికి ఉండే మారని గుర్తింపు సంఖ్యకి) మార్చండి, ఎందుకంటే ఏది ముందు పలికితే అది ఎస్‌డీఏ అవుతుంది, రేపు అదే ఎస్‌డీబీ. డిస్క్ ఎంతకీ కనపడకపోతే కేబుల్, స్లాట్, డిస్క్ ఫర్మ్‌వేర్.

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌లో విండోస్ 11. పొద్దున్నే ఆన్ చేస్తే వారంలో రెండు మూడు రోజులు చుక్కలు తిరుగుతుండగానే బ్లూ స్క్రీన్ వచ్చి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, రెండోసారి శుభ్రంగా లేస్తుంది. పగలు రీస్టార్ట్ చేస్తే ఎప్పుడూ రాదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 ఉందని, పవర్ సప్లై మార్చాలని బాగుచేసే అతను అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పర్సు తియ్యకండి. ఈవెంట్ 41 చెప్పేది ఒక్కటే, ఇంతకుముందు ఈ సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు అని. కరెంటు పోయినా వస్తుంది, బ్లూ స్క్రీన్ వచ్చినా వస్తుంది, మీరే బటన్ నొక్కి ఆపినా వస్తుంది. పేరులో పవర్ అని ఉండటం వల్ల ఎన్ని మంచి పవర్ సప్లైలు బలైపోయాయో. దాని వివరాల్లోకి వెళ్ళి బగ్‌చెక్‌కోడ్ చూడండి. సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే అది విండోస్ తనే గుర్తించి ఆగిన క్రాష్. సున్నా ఉంటే విండోస్‌కి ఏమీ రాసే అవకాశం రాలేదు, అప్పుడు పవర్‌నీ మదర్‌బోర్డ్‌నీ అనుమానించడంలో న్యాయం ఉంది.

ఆటోమేటిక్ రీస్టార్ట్‌ని సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర తీసెయ్యండి, తెర నిలబడుతుంది, స్టాప్ కోడ్ (బ్లూ స్క్రీన్ మీద ఉండే తప్పు పేరు) ఫోటో తియ్యొచ్చు. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అని ఉంటుంది, అందులో ఏమన్నా ఉందేమో చూడండి. ఖాళీగా ఉంటే ఆశ్చర్యపోకండి. క్రాష్ అయినప్పుడు విండోస్ తన మెమరీని ముందు పేజ్ ఫైలులోకి దింపుతుంది, తర్వాతి బూట్‌లో దాన్ని తీసి ఫైలుగా రాస్తుంది. పేజ్ ఫైలు సిద్ధం కాకముందే పడిపోతే దింపడానికి చోటే లేదు.

ఇక అసలు క్లూ మీరే ఇచ్చారు, పొద్దున షట్‌డౌన్ తర్వాత వస్తుంది, రీస్టార్ట్ తర్వాత రాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. మీరు షట్‌డౌన్ నొక్కితే నిజంగా షట్‌డౌన్ కాదు, మిమ్మల్ని లాగ్ ఆఫ్ చేసి కెర్నల్‌ని, డ్రైవర్లని ఉన్నవాటిని ఉన్నట్టు డిస్క్ మీద దాచి పడుకుంటుంది, పొద్దున దాన్నే తిరిగి లేపుతుంది. రీస్టార్ట్ మాత్రం మొదటి నుంచి కొత్తగా జరుగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు, రీస్టార్ట్ కంటే షట్‌డౌన్ గట్టిదని. నిద్ర నుంచి సరిగ్గా లేవలేని డ్రైవర్ ఒకటుంటే అది పొద్దున్నే పడుతుంది, పగలు రీస్టార్ట్‌లో పడదు, అచ్చం మీ వరస. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ తీసేసి కొన్ని వారాలు చూడండి, ముందు చెప్పిన మూడు రెట్ల లెక్కతో.

అది తీసేసినా పొద్దున్నే పడుతుంటే, అందులోనూ స్టాప్ కోడ్ రోజుకొకటి మారుతుంటే, ర్యామ్ వైపు తిరగండి. ర్యామ్‌ని దాని మామూలు వేగం కంటే ఎక్కువలో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ బయోస్‌లో ఆన్ చేసి ఉందా? ఉంటే తీసేసి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష. మెషీన్ చల్లగా ఉన్నప్పుడు ఫర్మ్‌వేర్ ర్యామ్ టైమింగులు సరిచూసుకుంటుంది, ప్రొఫైల్ అంచు మీద నడుస్తుంటే కొన్ని పొద్దుళ్ళు కుదురుతుంది, కొన్ని కుదరదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడపండి. అది ఒక్క తప్పు చూపించినా ర్యామ్ లేదా దాని సెట్టింగు సరిగా లేదని తేలినట్టే, ఏమీ చూపించకపోతే మాత్రం ర్యామ్ మంచిదని హామీ లేదు. రెండు స్టిక్‌లుంటే ఒక్కొక్కదానితో కొన్ని రోజులు నడపడం అంతకంటే నమ్మకం.

స్టాప్ కోడ్ ఒకటే అయి డ్రైవర్ తేలకపోతే డ్రైవర్ వెరిఫయర్ అని విండోస్‌లోనే ఉంది, అనుమానం ఉన్న డ్రైవర్లను నిలువునా పరీక్షించి తప్పు చేసిన క్షణాన పట్టుకుంటుంది. దాన్ని ఆన్ చేస్తే సిస్టమ్ అసలు బూట్ కాకుండా తిరుగుతూనే ఉండే ప్రమాదం ఉంది, కాబట్టి ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి దాన్ని రీసెట్ చెయ్యడం నేర్చుకున్నాకే ముట్టుకోండి.

బూట్‌లో టైమింగ్ ఎంత పనిచేస్తుందో లోకమంతా చూసింది ఒకసారి. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు ఫైలుతో 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది, చాలావి బూట్ అవుతూ పడుతూ ఉండిపోయాయి. మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ చెయ్యండి, 15 సార్ల దాకా పట్టొచ్చు అని మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ మెషీన్ల వాళ్ళకి చెబితే జనం నవ్వారు. నవ్వాల్సిందేమీ లేదు, క్రాష్ అయ్యేలోపు నెట్‌వర్క్ లేచి సరిచేసిన ఫైలు దిగితే చాలు, ఆ మెషీన్ బతికినట్టే. రెండు పనుల్లో ఏది ముందు అన్న పందెం అది, ఎన్నిసార్లు ఆడితే అన్ని అవకాశాలు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. సరదాకి సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను. క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్‌లో) ఎప్పుడూ బాగా నడుస్తుంది. నిజమైన మెషీన్‌లో మాత్రం ఒక్కోసారి మొదట్లోనే రీసెట్ అయిపోతుంది. ఎక్కడ పోతోందో చూద్దామని ప్రింట్ లైన్ పెడితే సమస్యే రాదు! తీసేస్తే వస్తుంది. పిచ్చెక్కుతోంది.

జవాబు: ప్రింట్ పెడితే మాయమయ్యే బగ్ అంటే రెండిట్లో ఒకటి. ప్రింట్ పట్టే సమయం వల్ల ఏదో పరికరానికి తయారయ్యే వ్యవధి దొరుకుతోంది, లేదా ఆ లైన్ వల్ల మీ కోడ్ నాలుగు బైట్లు అటూ ఇటూ జరిగి తప్పుడు రాత వేరే చోట పడుతోంది. ఏదో తేల్చడానికి ప్రింట్ బదులు అంతే సేపు పట్టే ఖాళీ లూప్ పెట్టి చూడండి, తర్వాత లూప్ తీసేసి ఎప్పుడూ పిలవని ఒక డొల్ల ఫంక్షన్ చేర్చి చూడండి. మొదటిదానితో మాయమైతే టైమింగ్, రెండోదానితో అయితే మెమరీ.

మీలాంటి కోడ్‌లో నేను మొదట వెతికేది బీఎస్‌ఎస్, అంటే విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుల్స్ ఉండే మెమరీ భాగం. విలువ ఇవ్వని గ్లోబల్ వేరియబుల్స్ సున్నా ఉంటాయని సీ భాష మాట ఇస్తుంది, కానీ ఆ మాట నిలబెట్టేది లోడర్. మీ బూట్ కోడ్ ఆ చోటంతా సున్నాలతో నింపకపోతే నిజమైన ర్యామ్‌లో ఏ చెత్త ఉంటే అదే మీ వేరియబుల్ విలువ. క్యూఈఎంయూ ర్యామ్ సున్నాలతో మొదలవుతుంది కాబట్టి అక్కడ ఈ తప్పు బయటపడదు.

తర్వాత ఇంటరప్ట్‌లు, అంటే పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు. ఇంటరప్ట్ టేబుల్ లోడ్ చెయ్యకముందే వాటిని తెరిచారా? తెరిచిన క్షణానికి, టేబుల్ లోడ్ చేసిన క్షణానికి మధ్య టైమర్ టిక్ పడితే ట్రిపుల్ ఫాల్ట్ (తప్పుని చూసుకోబోయి మళ్ళీ మళ్ళీ తప్పు జరిగి ప్రాసెసర్ చేతులెత్తేయడం), రీసెట్. పడకపోతే అంతా బాగుంది. పీసీలో పాత ఇంటరప్ట్ కంట్రోలర్‌ని మీరు వేరే అంకెలకి మార్చకపోతే టైమర్ ఇంటరప్ట్ 8వ నంబరు మీద వస్తుంది, ప్రొటెక్టెడ్ మోడ్‌లో 8 అంటే డబుల్ ఫాల్ట్. మామూలు టిక్‌ని చూసి డబుల్ ఫాల్ట్ అని బెదిరిపోయినవాళ్ళు చాలామంది. 64 బిట్ కోడ్ అయితే కంపైలర్‌కి రెడ్ జోన్ వద్దని చెప్పారో లేదో చూడండి. స్టాక్ పాయింటర్ కింద 128 బైట్లు తనవేననుకుని కంపైలర్ అక్కడ విలువలు దాచుకుంటుంది, సరిగ్గా అప్పుడే ఇంటరప్ట్ వస్తే ప్రాసెసర్ వాటి మీదే రాసేస్తుంది. రోజుకోసారి మాత్రమే, రోజుకో ఫంక్షన్‌లో పడే క్రాష్ కావాలంటే ఇంతకంటే మంచి వంటకం లేదు.

క్యూఈఎంయూని కూడా ఇంకొంచెం కష్టపెట్టండి. నో రీబూట్ ఆప్షన్‌తో నడిపి, ఇంటరప్ట్‌ల లాగ్ ఆన్ చేస్తే ట్రిపుల్ ఫాల్ట్‌కి ముందు ఏ ఎక్సెప్షన్ మొదట వచ్చిందో రిజిస్టర్లతో సహా రాసిపెడుతుంది. కోర్‌లు ఒకటి కాక నాలుగు ఇచ్చి నడపండి. నిజమైన మెషీన్‌లో సీరియల్ పోర్టు ఉంటే దానికి ఒకే ఒక్క అక్షరం పంపే కోడ్ బూట్ దశల మధ్య పెట్టండి, ఎ, బి, సి అని. పూర్తి ప్రింట్ కంటే అది చాలా తక్కువ సమయం తీసుకుంటుంది, బగ్ బెదిరి దాక్కునే అవకాశం తక్కువ. ఆఖర్న ఏ అక్షరం వచ్చి ఆగిందో దాని తర్వాతి కోడ్‌లో పైన చెప్పిన మూడూ వెతకండి, దొరక్కపోతే ఆ కొద్ది లైన్ల కోడ్ మాకు పంపండి.